గురుముఖమున నేర్చిన విద్య: జాన్ మెక్లెండన్ చరిత్రము

ఒక విద్య లోకమున నిలుచుటకు మూఁడు సాధనములు కావలయును: చెప్పెడు గురువు, నేర్చెడు శిష్యుఁడు, నేర్చినదానిని పదుగురి యెదుట నిరూపించుటకుఁ దగిన రంగము. మొదటి రెండును గలిగి మూఁడవది లేనియెడల నెంత గొప్ప విద్యయైనను నింటిగోడల నడుమనే మఱుఁగుపడిపోవును. ఈ మూఁడవదానిని సంపాదించుటయే యన్నిటికంటెఁ గష్టము. అది శిష్యుని చేతిలో లేదు. పెక్కుమాఱులు గురువు చేతిలోను లేదు. ద్వారమున నిలిచి యెవరు లోనికి రావలెనో యెవరు రాఁగూడదో నిర్ణయించు వారి చేతిలో నుండును.

నేను ముప్పదియైదేండ్లు బడిపిల్లలకు సంస్కృతాంధ్రములు బోధించినవాఁడను. బంతియాటలు నాకు స్వయముగాఁ దెలియవు. అయినను సాయంకాలపువేళ పాఠశాల యాటస్థలము ప్రక్కన నిలుచుండి, మా డ్రిల్లు మాష్టరుగారు పిల్లలతోడఁ బడుపాట్లు చూచుచుండెడివాఁడను. పిల్లలు గెలిచిన నాఁడు వారి పేళ్లు బల్లపై వ్రాయుదుము. కప్పును ప్రధానోపాధ్యాయుని గదిలో నుంతుము. నేర్పినవాని పే రెచ్చటను వ్రాయము. నేనును అట్టి బల్లలు పెక్కు వ్రాయించితిని గావున నీ దోషములో నాకును భాగము కలదు. ఈ సంచికకుఁ జరిత్రవ్యాసము నొకదానిని వ్రాయుఁడని సంపాదకులు కోరినప్పుడు, రాజులను, దండయాత్రలను విడిచి, యొక యాట నేర్పిన యుపాధ్యాయుని చరిత్రము వ్రాయవలెనని తోఁచినది. ఆయన అమెరికా దేశస్థుఁడు. పేరు జాన్ మెక్లెండన్. పైఁజెప్పిన మూఁడు సాధనములలో మూఁడవది తన శిష్యులకు లేకుండుటఁ జూచి, విద్య చెప్పుటతో నూరకుండక, రంగమును గూడ నిర్మించుటకుఁ బాటుపడిన మహానుభావుఁ డాయన.

ఆట పుట్టుక

బాస్కెట్ బాల్ అను నీ యాట తక్కిన యాటలవలె గ్రామములలో నెవ్వరికిని దెలియకుండఁ బుట్టినది కాదు. దీనికిఁ బుట్టిన యూరు, పుట్టించిన వ్యక్తి, పుట్టిన మాసము అన్నియుఁ దెలియును. 1891వ సంవత్సరము డిసెంబరులో మసాచుసెట్సు రాష్ట్రములోని స్ప్రింగ్‌ఫీల్డు పట్టణమున, వై.యం.సి.ఏ. వారి శిక్షణ పాఠశాలలో నుపాధ్యాయుఁడుగా నున్న జేమ్స్ నైస్మిత్ అను కెనడా దేశీయుఁడు దీనిని గల్పించెను. చలికాలమున బయట నాడుటకు వీలులేక విసిగియున్న విద్యార్థులకు లోపలనే యాడఁదగిన యాట కావలసెను. పీచిపండ్ల బుట్టలు రెండు తెప్పించి, నేలకుఁ బదియడుగుల యెత్తున నటునిటు కొట్టించి, పదుమూఁడు నిబంధనములు వ్రాసి గోడకంటించెను. బంతిని బుట్టలో వేయుటయే గెలుపు. బంతిని పట్టుకొని పరువెత్తరాదు, ఎదిరివానిని త్రోయరాదు. నేఁడు పక్షమున కైదుగు రాడుచున్న యాట కిదియే మూలము.

1898లో నైస్మిత్ కాన్సాస్ విశ్వవిద్యాలయమునకుఁ జేరి యచ్చట వ్యాయామశాస్త్రము బోధింపసాగెను. కొంతకాల మాయన యా విశ్వవిద్యాలయపు జట్టునకు శిక్షకుఁడుగాఁగూడ నుండెను. ఆట కల్పించిన యా మహనీయుని జట్టు 55 ఆటలు గెలిచి 60 ఆట లోడినది. దీనిని బట్టి యాయనకుఁ దన యాటయే తెలియదని కొందఱు పరిహాసమాడుదురు. ఆయన దృష్టి గెలుపుపై లేదు. దేహమును, శీలమును దిద్దుటపై నుండెను. గెలుపునకు వలసిన మర్మములను మాత్ర మెఱిఁగియే యుండెను. వానిని వినఁగోరిన శిష్యుఁడు దొరకుటకే యాలస్యమైనది.

గురుశిష్యులు

జాన్ మెక్లెండన్ 1915వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన కాన్సాస్ రాష్ట్రములోని హయవాతా అను చిన్న యూర జన్మించెను. తండ్రి నల్లజాతివాఁడు, తల్లి డెలవేర్ అను నాదిమజాతి సంతతిది. 1918లో లోకమునంతటను గోట్లాది ప్రాణములఁ దీసికొనిన యిన్‌ఫ్లుయెంజా మహమ్మారి యామెను గూడఁ గొనిపోయెను. తల్లిలేని బిడ్డ కొంతకాలము బంధువుల యింటఁ బెరిగి, పిమ్మటఁ దండ్రితోఁగూడ కాన్సాస్ సిటీలో నివసించెను. పిన్ననాఁడే యాతఁడు బాస్కెట్ బాల్ శిక్షకుఁడు కావలెనని నిశ్చయించుకొనెనఁట.

1933లో మెక్లెండన్ కాన్సాస్ విశ్వవిద్యాలయమునకుఁ బోయెను. వెళ్లిన దినముననే నైస్మిత్ గదికిఁ బోయి, తాము నాకు సలహాదారులుగా నుండవలెనని యడిగెను. ఎవరు చెప్పిరని యా వృద్ధుఁడు ప్రశ్నింపఁగాఁ, దండ్రి చెప్పెనని కుఱ్ఱవాఁడు బదులిచ్చెను. తండ్రిమాట యెల్లప్పుడు నొప్పే యని యాయన యంగీకరించెనని మెక్లెండన్ తరువాతి కాలమునఁ జెప్పుచుండెడివాఁడు. ఆ సమయమున నైస్మిత్ డెబ్బదియేండ్లు దాటినవాఁడు.

మన చదువరులకు నిచ్చట నేకలవ్యుని కథ స్ఫురింపకపోదు. కాని రెండు కథలకును నొక భేదము కలదు. అచ్చట శిష్యుని ద్రోణాచార్యుఁడే నిరాకరించెను. ఇచ్చట గురువు చేరఁదీసెను, నిరాకరించినది విశ్వవిద్యాలయము. ఆ కాలమునఁ గాన్సాస్ జట్టులో నల్లజాతి విద్యార్థులను జేర్చుకొనెడివారు కారు. ఆట కల్పించిన వాని యొద్ద నాటయొక్క సూక్ష్మములన్నియు నేర్చుకొనుచున్న శిష్యుఁడు, అదే భవనములో నభ్యాసము చేయు విశ్వవిద్యాలయపు జట్టుతోఁ గలిసి యొక్కనాఁడైన నాడలేకపోయెను.

ఈతకొలను విషయమును నట్టిదే. వ్యాయామశాస్త్ర పట్టమునకు నీఁత పరీక్ష యవసరము. కాని కొలనులో నల్లజాతివారు దిగరాదని యాచారము. మెక్లెండన్ దిగెను. వెంటనే యధికారులు కొలనులోని నీరంతయుఁ దీసివేయించిరి. ఒక మానవుఁడు స్నానమాడినంత మాత్రమున నీరు మలినమగునను నీ భావమును గూర్చి మన దేశములోని పెద్దలకు నేను వివరింపఁబని లేదు. నైస్మిత్ శిష్యుని పక్షమున నిలిచెను. చివరకుఁ గొలను ద్వారము తెఱువఁబడెను. 1936లో మెక్లెండన్ పట్టము పొందెను. ఆ విశ్వవిద్యాలయమున వ్యాయామశాస్త్రములోఁ బట్టము పొందిన మొదటి నల్లజాతి విద్యార్థి యాతఁడే. తరువాత అయోవా విశ్వవిద్యాలయమున నొక్క సంవత్సరములో నెం.ఏ. పట్టమును సంపాదించెను. 1939లో నైస్మిత్ స్వర్గస్థుఁడయ్యెను.

డర్హాంలో నభ్యాసము

1937లో మెక్లెండన్ ఉత్తర కెరోలినా రాష్ట్రములోని డర్హాం నగరమున, నల్లజాతివారికై యేర్పడిన నార్త్ కెరోలినా కళాశాలలో సహాయశిక్షకుఁడుగాఁ జేరెను. 1910లో జేమ్స్ షెపర్డు అను విద్యాదాత స్థాపించిన పాఠశాల యది, అల్పధనముతో నడచునది. 1940లో మెక్లెండన్ ప్రధానశిక్షకుఁడై పండ్రెండేండ్లు పనిచేసెను. ఆయన జట్టు 264 ఆటలు గెలిచి, 60 మాత్రమే యోడినది. గురువు గెలిచినదానికంటె నోడినదే యెక్కువ. శిష్యుఁ డయిదాటలలో నాలుగింటికిఁ బైగా గెలిచెను. ఇంతటి భేదమునకుఁ గారణ మేమి?

ఆ కాలమున బాస్కెట్ బాల్ మిక్కిలి నెమ్మదిగా నాడఁబడుచుండెను. 1937వఱకుఁ బ్రతిసారియు బుట్ట పడిన పిమ్మట నాట నాపి, బంతిని నడుమకుఁ దెచ్చి, మరల నెగురవేయుచుండిరి. ఆ నిబంధనము పోయిన తరువాతఁగూడఁ బాత యలవాటు విడువక, జట్లు బంతిని చేతినుండి చేతికిఁ ద్రిప్పుకొనుచు నవకాశము చిక్కువఱకు వేచియుండెడివి. మెక్లెండన్ దీనిని దలక్రిందు చేసెను. బంతి యెచ్చటఁ జేతఁజిక్కిన నచ్చటనే దాడి యారంభము కావలయుననియుఁ, బంతి యెచ్చటఁ బోయిన నచ్చటనే రక్షణ మారంభము కావలయుననియు నాయన మతము. ఇది నైస్మిత్ యొద్ద నేర్చిన సూత్రమే. రంగము నాలుగుమూలలు నాటస్థలమే. సగము రంగమున నాడి సగమును పాడుపెట్టరాదు.

మొదటి దానిని ఆంగ్లమున ఫాస్ట్ బ్రేక్ అందురు. ఎదిరివారు గుఱితప్పి వేసిన బంతి చేతికి రాఁగానే, వారు తిరిగి కుదురుకొనకముందే, ముగ్గురు మూఁడు త్రోవలఁ బరువిడి బుట్టకడకుఁ జేరవలయును. రెండవది ప్రెస్; బంతి పోయిన మఱుక్షణమే యెదిరివాని వెంటఁబడి, యాతఁడు నడుమగీఁత దాఁటకముందే తిరిగి సంపాదించుట. వినుటకు నివి సులభములు. కాని నలువదినిమిషము లిట్లు పరువెత్తవలెనన్నచో, శరీరము దానికి సిద్ధము కావలయును. కావున నాయన పిల్లలచేత బంతి ముట్టించుటకు ముందే దూరపు పరుగులు తీయించెడివాఁడు. అలసిన పిమ్మటనే యసలు పాఠ మారంభమగును. ఏలయన, అలసటలో చేయి వణఁకక, మతి చెదరక చేయఁగలిగిన పనియే నేర్చిన పని. వేదమునఁ బదపాఠము, క్రమపాఠము చెప్పినవారికి నీ పద్ధతి క్రొత్తగాఁ దోఁపదు. నిద్రలో లేపి యడిగినను దప్పకుండఁ జెప్పఁగలిగినప్పుడే కదా పాఠము వచ్చినదనుట.

వేగ మొక్కటియే నేర్పెనని తలంపరాదు. గెలుపుదారిలో నుండి కాలము గడుపవలసినప్పుడు, ఆటగాండ్రను మూలలకుఁ బంపి, నడుమ నేర్పరి యొకని చేత బంతి నుంచి, యెదిరివారిని జెదరఁగొట్టు నుపాయమును గూడ నాయన ముందుగనే యభ్యసింపఁజేసెను. తరువాతి కాలమున ఫోర్ కార్నర్స్ అను పేర నితరులచేతఁ బ్రసిద్ధికెక్కినది యిదియే. ఇట్లు పరువెత్తుట నేర్చినవారికే నిలుచుటయు నేర్పెను. 1965లోఁ దన పద్ధతిని ఫాస్ట్ బ్రేక్ బాస్కెట్ బాల్ అను గ్రంథముగా వ్రాసి లోకమున కొసఁగెను. తాను నేర్చిన మర్మమును మూటఁగట్టుకొని పోవు వాఁడు కాఁ డాయన.

తలుపులు మూసి యాడిన యాట

విద్య కలదు, శిష్యులు కలరు, కాని తెల్లవారి కళాశాలలతో నాడుటకుఁ జట్టము గాని యాచారము గాని యొప్పుకొనదు. కాఁబట్టి తమ జట్టు నిజముగా నెంతటిదో యా పిల్లలకే తెలియదు. తమలోఁ దామే గెలుచుచున్నప్పుడు, నీవు గెలిచినది నీవంటివానినే కదా యని లోకము పలుకును. మెల్లఁగా మనస్సును నట్లే పలుకసాగును. ఈ రెండవ పలుకే ప్రమాదకరమైనది.

1944లో డర్హాం నగరముననే యున్న డ్యూక్ విశ్వవిద్యాలయపు వైద్యకళాశాలలో యుద్ధకాలపు శిక్షణకై వచ్చిన యువకులు కొందఱుండిరి. వారిలోఁ బెక్కురు పూర్వము పేరుగన్న కళాశాలల జట్లలో నాడినవారు. ఉభయ కళాశాలల విద్యార్థులు కొందఱు వై.యం.సి.ఏ. సంబంధమైన సమావేశములలో రహస్యముగాఁ గలిసికొనుచుండిరి. అచ్చట నొకనాఁడు, ఎవరి జట్టు గొప్పదను మాట వచ్చినది. ఆ సంవత్సరము మెక్లెండన్ జట్టు ఒక్క యాట మాత్రమే యోడియుండెను. ఇరువురు నాడి చూతమని నిశ్చయమైనది.

మార్చి 12వ తేదీ, ఆదివారము, ఉదయము పదునొకండు గంటలకు ముహూర్తము. ఆ వేళ నూరివారును, రక్షకభటులును దేవాలయములలో నుందురని వారి యెన్నిక. డ్యూక్ విద్యార్థులు చుట్టుత్రోవలలో కార్లు నడుపుకొనుచు వచ్చి, తలలపైఁ గోట్లు కప్పుకొని వ్యాయామశాలలో దూరిరి. తలుపులకు తాళము వేయఁబడెను. ప్రేక్షకులు లేరు. వదంతి విన్న కొందఱు విద్యార్థులు మాత్రము కిటికీల కెగఁబ్రాకి చూచిరఁట. మధ్యవర్తి కలఁడు, గడియారము కలదు, లెక్క కలదు.

మొదట నిరుపక్షములవారికిని గాళ్లు చేతులు వణఁకినవి. ఎప్పుడు నొకరి నొకరు దాఁకి యాడి యెఱుఁగనివారు. కొంతసేపటికి భయము విడిచినది, ఆట నిలిచినది. తాము మానవాతీతులనుకొన్నవారు గూడఁ దమవంటి మనుష్యులే యని యానాఁడు తనకు స్ఫురించెనని మెక్లెండన్ శిష్యులలోఁ బిన్నవాఁడొకఁడు పెక్కేండ్ల పిమ్మటఁ జెప్పెను. కడపట లెక్క చూడఁగా మెక్లెండన్ జట్టునకు 88, డ్యూక్ వారికి 44. సరిగా రెట్టింపు.

అంతటితో ముగిసియున్న నది గెలుపుకథ మాత్రమే యయ్యెడిది. కొంచెము విశ్రమించిన పిమ్మట నుభయులును మరల లేచి, యీసారి జట్లు కలిపి, సగముమంది చొక్కాలతోను సగముమంది చొక్కాలు లేకయు నింకొక యాట యాడిరి. మొదటి యాట యెవరు గొప్పవారో తేల్చినది. రెండవ యాట యా ప్రశ్ననే మఱపించినది. నా మట్టుకు నాకు రెండవదే గొప్పదిగాఁ దోఁచును. పిమ్మట వసతిగృహమునఁ గూర్చుండి మాటలాడుకొని, డ్యూక్ వారు వచ్చిన త్రోవనే వెడలిపోయిరి.

ఈ వార్త పత్రికలకెక్కలేదు. విషయమెఱిఁగిన నల్లజాతి పత్రికావిలేకరి గూడ వ్రాయక విడిచెను. ఇంత చక్కని విజయమును దాఁచుట పిఱికితనము కాదా యని పడుచువారు కొంద ఱడుగవచ్చును. దానికి బదులుగా నొక్క విషయము చెప్పెదను. ఆ సంవత్సరమే జూలైలో, అదే డర్హాం నగరమున, బుకర్ స్పైస్లీ అను నల్లజాతి సైనికుఁడు బస్సులో వెనుకసీటునకుఁ బొమ్మన్నందుకు మాఱు పలికినాఁడని, బస్సు నడుపువాఁ డాతనిని తుపాకితోఁ గాల్చి చంపెను. న్యాయస్థానము హంతకుని నిర్దోషియని విడిచిపెట్టెను. మెక్లెండన్ చేతిలో నున్నది తన ప్రాణ మొక్కటి కాదు. తల్లిదండ్రులు నమ్మి యొప్పగించిన పిల్లల ప్రాణములు. ఉపాధ్యాయుని ధైర్యమునకు నీ లెక్క తప్పదు. ఏఁబది రెండేండ్లు గడచిన పిమ్మట, 1996లో స్కాట్ ఎల్స్‌వర్త్ అను చరిత్రకారుఁడు సాక్షులను వెదకి యడిగి వ్రాయఁగా నీ వృత్తాంతము లోకమునకుఁ దెలిసినది.

రంగనిర్మాణము

రహస్యముగా నెన్నాళ్లాడుదురు? విద్యకు బహిరంగమైన వేదిక కావలెను. ఆ ప్రాంతములోని నల్లజాతి కళాశాలల కొక క్రీడాసంఘ ముండెను. 1912లో స్థాపింపఁబడిన యా సంఘమును సి.ఐ.ఏ.ఏ. అందురు. మెక్లెండన్ కొందఱు తోడి శిక్షకులతోఁ గూడి 1946లో నా సంఘము పక్షమున వార్షిక పోటీని వాషింగ్టను నగరమున నారంభించెను. మొదటి సంవత్సరపు టంత్యక్రీడ నియతకాలములోఁ దేలక, మూఁడుమాఱులు కాలము పొడిగింపఁబడిన పిమ్మట మెక్లెండన్ జట్టు వర్జీనియా యూనియన్ జట్టును గెలిచెను. ఆ పోటీ యిప్పటికిని బ్రతిసంవత్సరము జరుగుచున్నది. విద్యార్థుల యాటయే కాక, పాత విద్యార్థులు కుటుంబములతో వచ్చి కలిసికొను నుత్సవముగా నది పరిణమించినది. ఇతరుల వాకిట నిలుచుండి పిలుపునకై వేచియుండక, ముందు తమ పందిరి తాము వేసికొనిరి.

కాని పందిరి వేసికొనినంత మాత్రమున వీథి మనది కాకపోదు. జాతీయ పోటీలలోఁ దమ కళాశాలలకుఁ బ్రవేశ మొసంగుఁడని మెక్లెండన్, ఆయన మిత్రులును బలుమాఱు లర్థించిరి. పెద్దసంఘమైన ఎన్.సి.ఏ.ఏ. వినలేదు. చిన్న కళాశాలల సంఘమైన ఎన్.ఏ.ఐ.ఏ. వినెను. 1953లో నాష్‌విల్ నగరమందలి టెన్నిసీ ఏ అండ్ ఐ కళాశాల జట్టు ఆ పోటీలో మొట్టమొదట నడుగిడినది. మరుసటి సంవత్సరమే మెక్లెండన్ ఆ కళాశాలకు శిక్షకుఁడుగా వచ్చెను.

అప్పు డాయన చేసిన మొదటి పని బంతికి సంబంధించినది కాదు. కాన్సాస్ సిటీలో జరుగు నొక పోటీకి 1954లో నాహ్వానము రాఁగా, ఒక నియమము పెట్టెను: తక్కిన జట్లు దిగు హోటలులోనే మా పిల్లలును దిగవలెను, వారు భుజించుచోటనే భుజింపవలెను. కాదన్నచో మేము రాము. అంతవఱకు నల్లజాతి యాటగాండ్రు పగలు రంగమున నాడి, రాత్రి యూరిచివర నెవరి యింటనో తలదాఁచుకొనుచుండిరి. నిర్వాహకు లంగీకరించిరి. ఆయన పెరిగిన పట్టణమునకు నది యావలి యొడ్డుననే యున్న నగర మది. బాల్యమున నే హోటళ్ల వాకిళ్లు దాను ద్రొక్కరాదో వానిలో నొకదాని ద్వారమునఁ దన శిష్యులను నడిపించుకొని పోయెను. అతిథిగాఁ బిలిచి, కూడు వేఱుగాఁ బెట్టుట పిలువకుండుటకంటె హీనమని యాయన యెఱుఁగును.

మూఁడు విజయములు

ఆ జాతీయపోటీలో ముప్పదిరెండు జట్లు పాల్గొనును. గెలుపు పొందవలెనన్న వారము దినములలోపల నైదాట లాడి యైదును గెలువవలయును. ఇచ్చటనే డర్హాంలోఁ బండిన విద్య ఫలించినది. మూఁడవ నాఁటికి నాలుగవ నాఁటికి నితర జట్ల కాళ్లు బరువెక్కఁగా, మెక్లెండన్ శిష్యులు మొదటినాఁటివలెనే పరువెత్తుచుండిరి. 1957లో సౌత్ ఈస్టర్న్ ఓక్లహోమా జట్టును 92-73తోను, 1958లో వెస్టర్న్ ఇల్లినాయ్ జట్టును 85-73తోను, 1959లో పసిఫిక్ లూథరన్ జట్టును 97-87తోను గెలిచిరి. అమెరికా కళాశాలల జాతీయపోటీలలో వరుసగా మూఁడు సంవత్సరములు గెలిచిన మొదటి జట్టిదియే. డిక్ బార్నెట్, జాన్ బార్న్‌హిల్ మొదలగు శిష్యులు తరువాత వృత్తిక్రీడాకారులై ప్రసిద్ధి గాంచిరి.

ఒక్క విషయము మఱువరాదు. మూఁడుమాఱులు జాతీయ విజేతలైన యా యువకులు సొంత నగరమైన నాష్‌విల్‌లోని యంగళ్ల ఫలహారశాలలలోఁ గూర్చుండి తినుటకు వీలులేకుండెను. 1960 ఫిబ్రవరిలో నా నగరపు నల్లజాతి విద్యార్థులు, టెన్నిసీ ఏ అండ్ ఐ విద్యార్థులతో సహా, ఆ బల్లలకడ నిశ్శబ్దముగాఁ గూర్చుండి సత్యాగ్రహము చేసిరి. మే నెలలో నా బల్లలు వారికిఁ దెఱువఁబడినవి. ఆటలో గెలుపు దానంతట నది న్యాయము తేదు. ఆ పని వేఱు. దానికి వేఱు తపస్సు కావలెను. ఆట చేసిన మేలేమనఁగా, మేము తక్కువవారమను మాటను లోపలినుండి తీసివేసినది.

తరువాతి జీవితము

1959లో మెక్లెండన్ కళాశాలను విడిచి క్లీవ్‌లండ్ పైపర్స్ అను జట్టునకు శిక్షకుఁడయ్యెను. 1961లో వృత్తిక్రీడాసంఘమునఁ బ్రధానశిక్షకుఁడై, యట్టి పదవి పొందిన మొదటి నల్లజాతివాఁడుగా నెన్నఁబడెను. 1966లో క్లీవ్‌లండ్ స్టేట్ విశ్వవిద్యాలయము పిలిచెను. తెల్లవారే యధికముగాఁ జదువుకొను విశ్వవిద్యాలయమునకుఁ బ్రధానశిక్షకుఁడైన మొదటి నల్లజాతివాఁడును నాయనయే. అచ్చట మాత్రము గెలుపులకంటె నోటములే యెక్కువ. చరిత్ర వ్రాయువాఁడు దీనిని దాఁచరాదు. ఎంతటి గురువునకైనఁ బాదు కుదురుటకుఁ గాలము కావలెను. మూఁడేండ్లలో వృక్షము ఫలింపదు.

ఆట పుట్టిన స్ప్రింగ్‌ఫీల్డు పట్టణముననే నైస్మిత్ పేర నొక కీర్తిమందిరము వెలసినది. 1979లో మెక్లెండన్‌ను అందుఁ జేర్చుకొనిరి. కాని ఆటకుఁ దోడ్పడినవాఁడు అను వర్గములో మాత్రమే. శిక్షకుఁడుగాఁ గాదు! జీవితమంతయు శిక్షణమే వృత్తిగాఁ గల వాని కిదియొక విచిత్రమైన సన్మానము. 1999 అక్టోబరు 8వ తేదీన నాయన పరమపదించెను. పదునేడేండ్ల పిమ్మట, 2016లో, శిక్షకుఁడుగా రెండవమాఱు చేర్చుకొనిరి. గురువు పేరు గల మందిరమున శిష్యుని పేరు రెండుమాఱులు వ్రాయఁబడినది.

శిష్యుల మాటయుఁ జెప్పవలెను. డిక్ బార్నెట్ న్యూయార్కు జట్టులో నాడి 1970, 1973 సంవత్సరములలో వృత్తిక్రీడల విజేతయయ్యెను. ఆట చాలించిన పిమ్మటఁ జదువు సాగించి, 1991లో విద్యాశాస్త్రమున డాక్టరు పట్టము నొందెను. ఆయన తన కీర్తికొఱకుఁ గాక, మఱవఁబడిన తన కళాశాల జట్టు కీర్తికొఱకుఁ బెక్కేండ్లు పాటుపడెను. 2019లో నా జట్టంతయుఁ గీర్తిమందిరమునఁ జేర్పఁబడెను. 2024లో మిగిలియున్న వృద్ధశిష్యులను వైట్ హౌసునకు రావించి గౌరవించిరి. ఆ సంవత్సరమే బార్నెట్ పేరును విడిగా నా మందిరమున వ్రాయఁబడినది. మఱుసటి సంవత్సరమాయన మరణించెను.

ఉపసంహారము

ఈ చరిత్రమునుండి మనము గ్రహింపఁదగిన దేమి? ఒక కళాశాల జట్టు గెలిచినదనఁగా నెవఁడో యొక యద్భుతబాలుఁడు పుట్టినాఁడని జనులు తలంతురు. మెక్లెండన్ పనిని వరుసగాఁ జూచినచో నట్లు కాదని తేలును. మొదట గురువును వెదకి పట్టుకొనెను. పిమ్మట శాస్త్రమును దేహములలోఁ బ్రతిష్ఠించెను. పిమ్మటఁ దమవారికొఱకొక వేదిక నిర్మించెను. పిమ్మటఁ బెద్దవేదిక తలుపు తట్టెను. తలుపు తెఱచినప్పుడు గౌరవముతోఁ దప్ప లోని కడుగిడనని చెప్పెను. విజయము లటుపిమ్మటనే వచ్చినవి. వీనిలో నే యొక్కటి లోపించినను దక్కినవి నిష్ఫలములే యయ్యెడివి.

ఏకలవ్యుఁడు గురుదక్షిణగా బొటనవ్రేలు సమర్పించెను. దానితో నాతని విద్య నిలిచిపోయెను. మెక్లెండన్ గురుదక్షిణగాఁ దాను నేర్చినదానిని వందలమంది పిల్లల కొసఁగెను. గురువుగారి యాట వానితో విస్తరించెను. ఇట్టి దక్షిణయే గురువులకు నిజముగా ముట్టునది.

మహాశయులారా! మన బడులలో, వసతిగృహములలో, నాటస్థలములలో సాయంకాలపువేళఁ జెమటలోడ్చుచుఁ బిల్లలకు నేర్పువారు నేఁటికిని గలరు. వారి జీతము స్వల్పము. వారి పేరు బల్లపై నుండదు. దాతలు బహుమానములకుఁ గప్పులు చేయించునప్పుడు, గెలిచినవాని పేరు క్రింద నేర్పినవాని పేరును చెక్కించుట కొక పంక్తి చోటు విడువవలసినదిగాఁ బ్రార్థించుచున్నాను. నేను వ్రాయించిన బల్లలమీఁద నేను విడువనిచోటది.